వాసన తెలియకుండా పెట్టిన చాయ్

నా ముక్కు పనిచేయడం మానేసినంక కూడా పద్నాలుగు నెలలు నేను దవాఖాన క్యాంటీన్‌లో మసాలా చాయ్ పెట్టిన. అందులో మొదటి మూడు నెలలు ఆ సంగతి ఎవ్వరికీ చెప్పలేదు. ఒక్కో గది ఇండ్ల వరుస మా చాల్‌, అందులో కొత్తగా పనులకు పోతున్న ఆడపిల్లలు గదుల ముందటి గ్యాలరీలో నన్ను పట్టుకొని, "మావ్‌శీ, ఇన్నేండ్లు ఒక్క మాట పడకుండా ఎట్ల చేసినవ్?" అని అడుగుతుంటరు. పడ్డ బిడ్డా, మంచిగనే పడ్డ. పడాల్సిన మాటే పడ్డ. అదే ఇక్కడ రాస్తున్న.

మాది కామాటిపుర. ఈ ఊర్లో బిల్డింగులు కట్టనీకి వచ్చిన కూలీల మనుమలం, మనుమరాండ్లం. ఏడో తరగతి దాకా మున్సిపాలిటీ బడిలో తెలుగు చదువుకున్న. ఇరవై రెండేండ్లు ఒక ప్రసూతి దవాఖాన క్యాంటీన్‌లో చాయ్ పెట్టిన. మా ఖోలీ, అంటే మా ఒక్క గది ఇల్లు, అక్కడి నుంచి నడిస్తే పావుగంట. క్యాంటీన్ అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద ఒక గది, రెండు పొయ్యిలు, ఒక కిటికీ, నాలుగు స్టూళ్ళు. డాక్టరమ్మ నుంచి వాచ్‌మన్ దాకా నన్ను మావ్‌శీ అనే పిలిచేటోళ్ళు. మరాఠీలో చిన్నమ్మ అన్నట్టు.

చాయ్ పెట్టుడు నాకు మా అత్త నేర్పింది. ఆమె వయసులో ఉన్నప్పుడు తలమీద ఇటుకలు మోసిన మనిషి. సైటు కాడ మూడు ఇటుకలు పెట్టి ఇరవై మందికి చాయ్ కాచేదట. "దంచిన అల్లం ముందు నీళ్ళల్ల పడాలె. పాలల్ల పచ్చిగ వేస్తివా, పాలు విరుగుతయ్" అనేది. అల్లం తర్వాత నిమ్మగడ్డి. ఇక్కడ దాన్ని గవతీ చహా అంటరు, మా గల్లీ మొదట్లో కూరగాయలామె పుదీనాతో కలిపి చిన్న కట్టలు కట్టి అమ్ముతది. తర్వాత చాయ్‌పత్తి, చక్కెర, పాలు. రెండు పొంగులు రావాలె. మిరియాలు, లవంగాలు వానకాలంలో కొంచెం ఎక్కువ, ఎండకాలంలో పేరుకు. ఇలాచీ మాత్రం దించే ముందు. నేను కొత్త కోడలిగా, "ఎంతెంత వెయ్యాలె అత్తా?" అని అడిగితే నవ్వింది. "గిన్నె మీద మొఖం పెట్టు. ఆవిరి తాకంగనే నీకే తెలుస్తది" అన్నది. నిజమే. ఇరవై ఏండ్లల్లో చెంచా ముట్టలేదు.

పొద్దున ఆరున్నరకు మొదటి గిన్నె దిగేది. రాత్రి డ్యూటీ అయిపోయిన సిస్టర్లు చెప్పులు విడిచి, స్టూల్ మీద కాళ్ళు చాపుకొని తాగేటోళ్ళు. లోపల భార్యకు నొప్పులు వస్తుంటే కప్పు పట్టుకొని చల్లారేదాకా తాగకుండా కూసున్న మొగోళ్ళను ఎంతమందిని చూసిననో. వాళ్ళకు రెండోసారి వేడిచేసి ఇచ్చేదాన్ని. ఒకసారి వర్లి నుంచి మునిమనుమరాలిని చూడనీకి వచ్చిన ఒక ముసలామె, కప్పు అడుగుదాకా తాగి, "ఏ ఊరోళ్ళవ్ బిడ్డా?" అని తెలుగులోనే అడిగింది. అప్పటిదాకా నేను నోరు తెరవలేదు. చాయ్ తాగి మనోళ్ళ చెయ్యి అని ఎట్ల పట్టిందో ఇప్పటికీ తెలియదు. ఆ దినమంతా నా కాలు నేలమీద నిలవలేదు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మా ఖోలీలో నలుగురం మంచం పట్టినం. ముగ్గురం లేచినం. అత్త లేవలేదు.

ఉగాది పోయిన పది దినాలకు నేను మళ్ళీ పనికి పోయిన. మొదటి పొద్దు అల్లం దంచిన. వేళ్ళు మండినయ్, వాసన రాలేదు. జలుబు ఇంకా పోలేదేమో అనుకున్న. ఇలాచీ పగలగొట్టి ముక్కు కింద పెట్టుకున్న. కాగితం ముక్క పెట్టుకున్నట్టే ఉండె. గిన్నె మీద మొఖం పెడితే వేడి తాకింది, తడి తాకింది, గంతే. తాగి చూస్తే తియ్యటి వేడినీళ్ళు.

ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పనిచేసే బట్టల షాపు షట్టర్ ఇంకా తెరవలేదు, ఇంట్లో పని ఉన్నది నా ఒక్కదానికే. ఆ భయం ఉండె. కానీ అంతకన్నా పెద్దది సిగ్గు. చాయ్ పెట్టుడు తప్ప నాకు వేరే విద్య రాదు. అది కూడా పోయిందని ఏ నోటితో చెప్పాలె?

కాబట్టి తెలివి చూపించిన. కండ్లతో, చెవులతో పెడదాం అనుకున్న. రంగు చూసి, పొంగే చప్పుడు విని దించుతుంటి. చెయ్యికి మాత్రం నమ్మకం లేకపాయె. తక్కువైందేమో అనిపించి ఇంకో ముక్క అల్లం, ఇంకో నాలుగు లవంగాలు. మళ్ళీ అనుమానం వచ్చి ఇంకో పిడికెడు మిరియాలు. కప్పులు అందించి అందరి మొఖాలు చూస్తుంటి.

"బాగుందా సిస్టర్?"

"బాగుంది మావ్‌శీ."

అందరూ అదే మాట. ఎవ్వరికీ తెలియనియ్యలేదని లోలోపల మురిసిపోయిన. మొదటి అంతస్తు కిటికీలో ఒక మనీప్లాంట్ కుండీ ఉండేది. దానికి ఉన్నట్టుండి చీమలు పట్టినయ్. మట్టి నల్లబడ్డది, ఆకులు పసుపు తిరిగినయ్. పాపం చెట్టుకు ఏమైందో అనుకొని నేనే చీమల మందు తెచ్చి చల్లిన. నా తెలివి ఆపాటిది.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలె. వార్డులు ఊడ్చి, తుడిచే పనిలో మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన ఒకామె ఉండె. నాకన్నా పదిహేనేండ్లు చిన్నది. మొగడు బిల్డింగు పనికి పోతడు, ధారావిలో ఉంటరు. నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. దవాఖానలో మా ఇద్దరిదే తెలుగు. ఆమె మాటలు తక్కువ. పొద్దున ఏడింటికి వచ్చి, బకెట్ పక్కన పెట్టి, ఒక కప్పు తాగి పైకి పోయేది. ఆ మూడు నెలలు కూడా ఒక్క దినం కప్పులో చుక్క మిగల్చలేదు.

జోరు వానలు పడుతున్న వారం. ముందు రాత్రి వాన లోపలికి కొడుతున్నదని వాచ్‌మన్ క్యాంటీన్ కిటికీ గట్టిగా మూసిపెట్టిండు. పొద్దున నీళ్ళు నిండి బస్సులు ఆగినయ్, నేను మోకాలులోతు నీళ్ళల్లో నడిచి ఏడింటికి గాని చేరలేదు. ఆలస్యమైందని ఆదరాబాదరా గది తెరిచిన, లైటు కూడా వెయ్యలేదు. గిన్నె పొయ్యి మీద పెట్టి నీళ్ళు పోసిన. లైటర్ చేతిలోకి తీసుకున్న.

"అక్కా! ఆపు!"

వెనక్కి తిరిగే లోపలే చెల్లె నా చెయ్యి పట్టి గుంజింది. లైటర్ ఎగిరి ఆమె బకెట్‌లో పడ్డది. నేను ఆమె మీద పడ్డ.

"ఏమైంది? పిచ్చి పట్టిందా నీకు?" అని అరిచిన.

ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, వంగి సిలిండర్ రెగ్యులేటర్ బంద్ చేసింది. కిటికీ తెరిచింది. నేను లైటు వేద్దామని చెయ్యి లేపితే, "స్విచ్ ముట్టకు! బయటికి నడువ్!" అని నన్ను మెట్ల మీదికి నెట్టింది. వాచ్‌మన్‌ను పిలిచి సిలిండర్‌ను వానలోకి ఈడ్పించింది. రబ్బరు పైపును ఎలుక కొరికిందట. రాత్రంతా మూసిన గదిలో గ్యాస్ నిండుకొని ఉన్నది.

నేను మెట్ల మీద కూసున్న. మా క్యాంటీన్ మీదనే వార్డు. ఆ దినం అందులో పదకొండు మంది బాలింతలు, పన్నెండు మంది పసిపిల్లలు. ఒకామెకు కవలలు.

చెల్లె వచ్చి నా ముందర నిలబడ్డది. చీరంతా తడిసి ఉన్నది.

"నువ్వు తలుపు తెరవంగనే మెట్ల కాడికి వాసన కొట్టింది అక్కా. లోపట నిలబడ్డదానివి, నీకెట్ల తెల్వలే?"

అబద్ధం చెప్పనీకి నోరు తెరిచిన. పైనుంచి ఒక పిల్ల ఏడుపు వినబడ్డది. ఇక నాతో కాలేదు.

"నాకు వాసనే తెల్వది చెల్లె. జ్వరం వచ్చిపోయిన కాడి నుంచి తెల్వది."

ఆమె నా పక్కన వచ్చి కూసున్నది.

"గందుకా," అన్నది మెల్లగా. "మేము వేరే అనుకున్నం. అత్త పోయిన దుఃఖంల నీ చెయ్యి తప్పుతున్నదనుకున్నం. సిస్టర్లు గూడ గదే అన్నరు. ఆమెను ఎవ్వరూ ఏమనొద్దు, తాగలేకపోతే చెట్టుకు పొయ్యిన్రి, కప్పు మాత్రం వాపస్ ఇయ్యొద్దు అని."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొదలు నవ్వే వచ్చింది. తర్వాత అత్త పోయినప్పుడు కూడా రాని ఏడుపు వచ్చింది. అప్పుడు దవాఖాన నుంచే తీసుకుపోయిన్రు, మొఖం కూడా చూడలేదు, ఏడవనీకి సందు దొరకలేదు. ఆ మెట్ల మీద దొరికింది. చెల్లె నా వీపు మీద చెయ్యి వేసి ఊరికే కూసున్నది.

ఇన్‌చార్జి సిస్టర్ గదికి నేనే పోయి అంతా చెప్పిన. ఆమె మరాఠీ ఆమె, నా వయసుదే. గొంతు ఎప్పుడూ పెంచని మనిషి. ఆ దినం కూడా పెంచలేదు.

"మావ్‌శీ, మూడు నెలలు ఆ కషాయం తాగినం. దానికి నాకు కోపం లేదు," అన్నది. "కానీ ముక్కు పోయిన మనిషివి గ్యాస్ కాడ ఒక్కదానివే ఎట్ల నిలబడ్డవ్? నాకు ఒక్క మాట చెప్తే నీ పని తీసేస్తనని అనుకున్నవా? ఇరవై ఏండ్లల్లో నన్ను గంతే ఎరిగినవా?"

ఆ చివరి మాట తగిలినట్టు ఏ తిట్టూ నాకు తగలలేదు. మాట పడ్డ అని మొదట్లో చెప్పింది ఇదే. "రేపటి నుంచి రాను సిస్టర్" అన్న. "పొమ్మని నేను చెప్పలేదు. బయట కూసో" అన్నది.

మధ్యాహ్నం క్యాంటీన్ నడిపే సేఠ్ వచ్చిండు. బటన్ నొక్కితే చాయ్ పడే మెషిన్ పెడదాం, ఈమె కప్పులు కడుగుతది అన్నడు. తప్పేమీ లేదు, ఆయన జాగాలో ఉంటే నేనైనా అదే అందును. సిస్టర్ పదిహేను దినాలు గడువు అడిగింది. గ్యాస్ లీకైతే కూత పెట్టే డబ్బా ఒకటి గోడకు కొట్టించమన్నది. పొయ్యి ముట్టించేది నేను కాదు, ముక్కు మంచిగున్నోళ్ళు ఎవరైనా ముట్టియ్యాలె అన్నది. "పొద్దున ఆరింటికి ఎవరు వస్తరు?" అని సేఠ్ అడిగిండు.

తలుపు కాడ తుడుస్తున్న చెల్లె తల ఎత్తకుండానే, "నేనొస్త" అన్నది.

ఆమె డ్యూటీ ఏడింటికి. ధారావి నుంచి ఆరింటికి చేరాలంటే నాలుగున్నరకు లేవాలె, ఇంట్లో వంట చేసి పెట్టి లోకల్ రైలు పట్టాలె. వానలు, చలికాలం, మళ్ళీ ఎండలు పోయేదాకా, పదకొండు నెలలు ఆమె అట్ల వచ్చింది. అందుకు ఆమెకు ఎవ్వరూ ఏమీ ఇయ్యలేదు, ఆమె అడగలేదు.

మొదటి దినం పొయ్యి ముట్టించి, గిన్నె మీద మొఖం పెట్టింది.

"ఎట్లుంది?" అని అడిగిన.

"మంచిగుంది."

"మంచిగుంది అంటే నాకేం తెలుస్తది? దేని లెక్క ఉందో చెప్పు."

పాపం, ఆలోచనలో పడ్డది. ఇంతకు ముందు ఆమెను ఎవరూ అట్ల అడగలేదు. మెల్లమెల్లగా మాటలు దొరికినయ్. చాయ్‌పత్తి నీళ్ళల్లో పడంగనే "తడిపిన సిమెంటు లెక్క" అనేది. నిమ్మగడ్డికి "కోసిన జొన్నచొప్ప". మిరియాలు ఎక్కువైతే "ముక్కుల చీమ పోయింది". అల్లం సరిపోతే ఏమీ అనకుండా ఒక్కసారి దగ్గేది, నాకు అదే లెక్క. ఇలాచీ పడ్డంక మాత్రం, "పెట్టెల నుంచి పెండ్లిచీర తీసినట్టుంది అక్కా" అని కండ్లు మూసుకునేది. ఆ మాట వినంగనే నేను గిన్నె దించేదాన్ని. క్యాలెండర్ వెనక చెంచాల లెక్క రాసుకున్న. ముప్పై కప్పులకు అల్లం ఎంత, లవంగం ఎన్ని. ముసలితనంలో మళ్ళీ ఒకటో తరగతిలో చేరినట్టు.

పన్నెండో దినమో, పదమూడో దినమో సరిగ్గా యాదికి లేదు. ఇన్‌చార్జి సిస్టర్ వచ్చి నిలబడి ఒక గుటక తాగింది. నా దిక్కు చూసింది, చెల్లె దిక్కు చూసింది. చెప్పులు విడిచి, స్టూల్ మీద కాళ్ళు చాపుకొని కూసున్నది. మెషిన్ మాట మళ్ళీ ఎవ్వరూ ఎత్తలేదు.

నా ముక్కు సంగతి అడుగుతరు కదా. మరుసటి ఏడాది ఎండకాలం పోయే ముందు ఒక పొద్దున పాలు పోస్తుంటే, ఉన్నట్టుండి ముక్కులో సూది గుచ్చినట్టయింది. ఏందా అని చూస్తే చెల్లె బకెట్. పద్నాలుగు నెలల తర్వాత నాకు తెలిసిన మొదటి వాసన అల్లం కాదు, ఇలాచీ కాదు, ఫినాయిల్. బకెట్ ముందర కూలబడి వాసన చూసిన, మళ్ళీ చూసిన. చెల్లె భయపడి సిస్టర్‌ను పిలిచింది. సిస్టర్ పరుగెత్తి వచ్చి, సంగతి తెలిసి, నన్ను తిట్టుకుంటనే కండ్లు తుడుచుకున్నది. తర్వాత ఒక్కొక్కటి వచ్చినయ్. అల్లం వచ్చింది, పాలు వచ్చినయ్. ఇలాచీ ఇప్పటికీ సగమే. మిగతా సగం చెల్లెను అడిగి పెట్టిన, పని విడిచే దినం దాకా.

పిల్లలారా, మీరు వంటగదిలో పనిచేసినా, ఆఫీసులో చేసినా, మీ చేతిలో ఏదన్నా తప్పుతున్నదని తెలిసిన మొదటి దినమే పక్కనున్న మనిషికి చెప్పండి. నేను చెప్పలేదు. నన్ను కాపాడింది నా తెలివి కాదు. వాన పడుతున్నా ఆలస్యం చెయ్యకుండా వచ్చిన ఒక మనిషి కాపాడింది. ఆమె ఆ దినం రెండు నిమిషాలు ఆలస్యమైతే నేను ఈ మాట రాయనీకి ఉండను. పైన వార్డులో ఉన్న ఆ ఇరవై మూడు మంది కూడా ఉండరు.

మొన్న నేను పని విడిచినంక ఆ పొయ్యి చెల్లె చేతికి ఇచ్చిన్రు. సిస్టరే సేఠ్‌తో మాట్లాడింది. ఆ తర్వాతి ఆదివారం నేను ధారావికి పోయిన. ఇన్నేండ్లు కలిసి పనిచేసి ఆమె ఇంటికి ఒక్కసారి కూడా పోలేదని అప్పుడే తట్టింది. ఇనుప నిచ్చెన ఎక్కి పోవాలె, పైన ఒక్క గది. నన్ను చూసి గాబరాపడి, చాప పరిచి, పొయ్యి ముట్టించింది. మసాలా ఏమీ లేదు. పాలు, చక్కెర, చాయ్‌పత్తి. వేడివేడిగా ఉన్నది, నాకు మంచిగ అనిపించింది.

ఇద్దరం తాగుతుంటే ఎన్నాళ్ళ నుంచో మనసులో ఉన్న మాట అడిగిన.

"సిస్టర్లు చెట్టుకు పోసిన్రు, సరే. నువ్వు మూడు నెలలు ఆ కషాయం చుక్క మిగల్చకుండ ఎట్ల తాగినవే?"

ఆమె కప్పులోకి చూసుకుంట చెప్పింది.

"నేను పట్నం వచ్చిన కొత్తల అక్కా. భాష రాదు. దవాఖానల మొదటి వారం ఎవ్వరూ నాతోని మాట్లాడలే. ఫినాయిల్ వాసన అని కూసున్నోళ్ళు లేచిపోతుండె. నేను బకెట్ పట్టుకొని గోడకు నిలబడ్డ. నువ్వు స్టూల్ జరిపి, 'కూసో చెల్లె, ముందు చాయ్ తాగు' అన్నవ్. తెలుగుల అన్నవ్. ఏడుపు ఆగలే నాకు. ఇగ నువ్వు విషం పోసిచ్చినా నేను తాగుదును."

నేను ఆ దినాన్ని యాది చేసుకోవాలని చూసిన. రైల్లో తిరిగి వస్తున్నంతసేపు చూసిన, ఇంటికి వచ్చి కూడా చూసిన. జర గూడ యాదికి రాలేదు. ఆమెకు మాత్రం ఆనాడు నేను కట్టుకున్న చీర రంగు కూడా యాదికున్నది.